వెనక్కి తిరిగి చూసిన పిచ్చుక

“ఇదిగో, ఇక్కడ చూడండక్కా. నవ్వింది!”

ఇన్‌స్పెక్టర్ వీడియో ఆపి తెరను కళ్ళజోడమ్మ వైపు తిప్పాడు. కుట్టు ఫ్యాక్టరీలో పనివాళ్ళ పిల్లల్ని చూసుకునే గది ఒకటుంది. దాని బయట నడవాలో ఉన్న కెమెరా తీసిన వీడియో అది. గుమ్మానికి ఇవతల, కెమెరాకి వీపు పెట్టి పిల్ల తల్లి నిలబడి ఉంది. అవతల ఆయమ్మ, చంకలో ఒక చంటివాడితో. నిన్న మధ్యాహ్నం మూడున్నరకి, తల్లులు పాలివ్వడానికి దిగివచ్చే విరామంలో, ‘నా పిల్లేది ఆయమ్మా?’ అని ఆ తల్లి అడిగింది. ఆయమ్మ లోపలికి పోయి మూలమూలలా వెతికి మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. అప్పుడామె మొహం నిండా నవ్వు.

“పిల్ల మాయమైందని తెలిసిన నిమిషంలో ఎవరైనా నవ్వుతారా? ఈ కొత్త యంత్రం మొహంలో నరం నరం కొలుస్తుందక్కా. సంతోషం నూటికి డెబ్బై పాళ్ళు అంటోంది. భయం పది పాళ్ళు.”

“మిగతా ఇరవై?”

“అదేమిటో తేలలేదట.”

“తేలకపోతే ఊరుకోవాలి గానీ మనిషిని లోపల వేస్తారా?”

“వేశాను. సాయంత్రం మేజిస్ట్రేట్ ముందు పెడుతున్నాను కూడా. ఇంతకీ మీరెందుకొచ్చినట్టు? ఎవరు పిలిచారు?”

కళ్ళజోడమ్మ అద్దాలు తీసి తుడుచుకుంది. ఆమె అసలు పేరు పలికేవాళ్ళు ఆ స్టేషన్లో ఎవరూ మిగల్లేదు. తప్పిపోయిన పిల్లల విభాగంలో తల నెరిసేదాకా పనిచేసి, రిటైరయ్యాక సొంతంగా చిన్న ఆఫీసు పెట్టుకుంది. ఈ ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు ఆమె చేతికింద ఓనమాలు దిద్దుకున్నవాడే. ఇప్పుడామె తన కేసులో వేలు పెడితే అతనికి ఒళ్ళు మండుతుంది. అలాగని అక్కా అనడం మానలేడు.

“పిల్ల తల్లే పిలిచింది. పొద్దున్నే వచ్చి నా ఆఫీసు మెట్లమీద కూర్చునుంది.”

“మేమేదో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నామనా?”

“నిన్నేం అనలేదులే. పిల్లని వెతికిపెట్టమంది. ఆయమ్మకి పాపం ఏమీ తెలీదు, ఆవిణ్ణి వదిలేయమని నీకు చెప్పమంది.”

“నాకూ అదే చెప్పింది. వెర్రిబాగుల పిల్ల. పాముని పట్టుకుని తాడనుకుంటోంది.” అతను ఇంకో వీడియో తీశాడు. “దీనికేమంటారో చెప్పండి.”

ఇది అంతకు కాస్త ముందుది. గుమ్మంలో పద్నాలుగు నెలల పిల్ల నిలబడి ఉంది. నడక కొత్త. గెంతుకుంటూ నడుస్తుందని దానికి పిచ్చుక అని పేరు పెట్టారట. నడవాలో, కెమెరాకి వీపు పెట్టి ఒకావిడ గొంతుక్కూర్చుంది. ఫ్యాక్టరీ ఏప్రాన్, దూది ధూళి పడకుండా పనివాళ్ళందరూ పెట్టుకునే మాస్కు తాళ్ళు, తలకి కట్టిన గుడ్డ. రెండు చేతులూ చాపింది. పిచ్చుక కదల్లేదు. ఆ మాస్కు వంక చూసింది. కింది పెదవి కొద్దిగా వణికింది. అప్పుడు మెడ తిప్పి గదిలోకి, వెనక్కి చూసింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి దాని మొహం విప్పారి ఉంది. నవ్వుతూ గెంతుకుంటూ పోయి ఆ చేతుల్లో పడింది.

కళ్ళజోడమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. “తమ్ముడూ, ఇది పిల్ల తప్పిపోవడం కాదు. ఇది అడిగి వెళ్ళింది.”

“మాటలు రాని పిల్ల అడగడమేంటి?”

“మాటతో కాదు. ఈ వయసు పిల్ల ముందు కొత్త మనిషి వస్తే మొదట ఆ మనిషిని చూస్తుంది. భయమో కాదో తేల్చుకోలేకపోతే తనవాళ్ళ మొహంకేసి చూస్తుంది. ఆ మొహం బెదిరిందా, ఇది గుక్కపట్టి ఏడుస్తుంది. నవ్విందా, సరే పర్లేదన్నమాట అని వెళ్ళిపోతుంది. వెనక ఎవరో దానికి నవ్వు చూపించారు.”

ఇన్‌స్పెక్టర్ కళ్ళు మెరిశాయి. “అంటే దానికి బాగా చేరువైన మనిషి ఎవరో గదిలోంచి నవ్వారు.”

“అవును.”

“ఆ వేళకి గదిలో పెద్దవాళ్ళెవరు? రెండో ఆయా సెలవు. ఉన్నది ఒక్క నవ్వులాయమ్మ. అంత లోతు నాకు తట్టలేదు సుమండీ. వచ్చి మంచిపని చేశారు. నా కేసు మీరే కుట్టిపెట్టారు!”

ఆయమ్మని కాపాడబోయి తనే ఆమె కాళ్ళకింద చాప లాగినట్టయింది కళ్ళజోడమ్మకి.

*

ఆయమ్మని కూర్చోబెట్టిన గదిలో కిటికీ లేదు. అరవై దాటిన మనిషి. కళ్ళకింద చర్మం ఉబ్బి, రాత్రంతా నిద్రలేనట్టు ఉంది. కళ్ళజోడమ్మ తలుపు తీయగానే ఆమె నవ్వింది.

“ఎందుకు నవ్వారు ఆయమ్మా?”

“ఇప్పుడా అమ్మా?”

“ఇప్పుడూ. నిన్నా.”

“నిన్న చంకలో వాడున్నాడు కదమ్మా. వెనకాల ఇంకా పదిమంది. అందరూ నా మొహమే చూస్తుంటారు. నేను బెదిరితే వాళ్ళు బెదురుతారు. కొత్తలో ఒకసారి ఎలుకని చూసి కెవ్వుమన్నాను. గదంతా ఏడుపే, ఊరుకోబెట్టేసరికి సాయంత్రమైంది. ఇక ఆనాటినుంచీ పైకప్పు కూలినా మొహం చెదరనివ్వను. లోపల గుండె జారిపోతున్నా సరే, బుగ్గలు రెండూ పైకి లాగిపెట్టడమే. చేసీ చేసీ ఇప్పుడు దింపుదామన్నా దిగట్లేదమ్మా. రాత్రి ఇక్కడ కూర్చుని ఏడుస్తుంటే, ఆ కానిస్టేబుల్ అమ్మాయి ‘ఏంటవ్వా, నవ్వుకుంటున్నావ్’ అంది.”

కళ్ళజోడమ్మ ఎదురుగా కూర్చుంది. ఆమె ఇంట్లో, మెదడుకి దెబ్బతగిలి రెండేళ్ళుగా మంచం పట్టిన భర్త ఉన్నాడు. ఆమె ఎవరో ఆయనకి తెలీదు. పేరు తెలీదు, పెళ్ళయిందని తెలీదు. కానీ ఆమె కాస్త చిరాగ్గా లోపలికి వస్తే పిల్లాడిలా దుప్పటి మొహంమీదికి లాక్కుంటాడు. అందుకని రోజూ గుమ్మం బయట ఒక్క క్షణం ఆగి, మొహం సర్దుకునే ఆమె లోపలికి వెళుతుంది. ఆ సర్దుకోవడంలో ఎంత బరువుంటుందో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

“మూడుంబావుకి మీరెక్కడున్నారు?”

“పాలగదిలోనమ్మా, సీసాలు మరగబెడుతున్నాను. ఆవిరి పిల్లలమీదికి రాకుండా తలుపు దగ్గరికి వేస్తాను. బయటికొచ్చేసరికి పిచ్చుక లేదు. విరామం వేళ కదా, వాళ్ళమ్మ ముందే వచ్చి ఎత్తుకుపోయిందనుకున్నాను. ఆ అమ్మాయి ఒట్టి చేతుల్తో వచ్చేదాకా నాకు తెలీనే లేదు.”

“పిల్ల లేదని తెలిశాక ఆ అమ్మాయి మిమ్మల్నేమంది?”

ఆయమ్మ నవ్వు అలాగే ఉంది. దానిమీంచి నీళ్ళు మాత్రం కారాయి.

“అదేనమ్మా నా బాధ. ఒక్క మాట అనలేదు. ‘నీ కళ్ళు పోయాయా, నా బిడ్డని ఎవరికిచ్చావే’ అని జుట్టు పట్టుకుంటుందనుకున్నాను. ఏప్రాన్ ఎత్తి మొహం కప్పుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నా భుజం నిమిరింది. చెంపమీద ఒక్కటి కొట్టినా నాకింత బాధ ఉండేది కాదు.”

కళ్ళజోడమ్మ చెయ్యి బల్లమీద అలాగే ఆగిపోయింది.

ఆ విభాగంలోని పద్దెనిమిదేళ్ళలో ఆమె ఎంతమంది తల్లుల్ని చూసిందో. బిడ్డ కనిపించకపోతే దేవుణ్ణి తిట్టడం, పోలీసుని తిట్టడం తర్వాత సంగతి. మొట్టమొదట తిట్టేది, బిడ్డని ఎవరి చేతుల్లో పెట్టిందో వాళ్ళని. అది న్యాయమా కాదా అని ఆలోచించే ఓపిక ఏ తల్లికీ ఉండదు. సొంత అమ్మనైనా, సొంత చెల్లినైనా ఆ క్షణంలో వదిలిపెట్టదు.

“ఆయమ్మా, ఆ పిల్లకి మీరు కాక చేరువైనవాళ్ళెవరు? మొహం చూడగానే నవ్వేటంత?”

“నేనూ, వాళ్ళమ్మాను. ఇంకెవరికీ అంత తొందరగా మాలిమి కాదమ్మా అది. రెండో ఆయా ఎత్తుకున్నా బిగుసుకుపోతుంది.”

*

“మీరు ఏం చూసినా నా కళ్ళముందే చూడాలి,” అంటూ ఇన్‌స్పెక్టర్ కూడా ఫ్యాక్టరీకి బయల్దేరాడు.

పిల్లల గదిలో ఆరోజు నలుగురే పిల్లలున్నారు. మిగతా తల్లులు పంపడానికి భయపడ్డారు. సెలవునుంచి వచ్చిన రెండో ఆయా వాళ్ళని ఒక మూల పోగేసుకుని కూర్చుంది. కళ్ళజోడమ్మ గుమ్మంలో నిలబడి, పిచ్చుక తల తిప్పినట్టే తల తిప్పి చూసింది. వరసగా ఉయ్యాలలు. వాటి వెనక మూసిన పాలగది తలుపు. కుడిపక్కన గోడ పొడుగునా అద్దం, దానినిండా అతికించిన కాగితపు జంతువులు. ఏనుగులు, కుందేళ్ళు, ఒకదానికొకటి తగులుతూ. అద్దం అవతల ఏముందో కనిపించదు.

“ఆ కాగితాలెందుకు?” అనడిగింది.

“అవతల మెట్లున్నాయండీ,” అంది రెండో ఆయా. “వచ్చేపోయే తల్లుల్ని చూస్తే పిల్లలు రాగం అందుకుంటారు. అందుకని ఆయమ్మ అతికించింది.”

కళ్ళజోడమ్మ గుమ్మం పట్టుకుని మెల్లిగా మోకాళ్ళమీదికి దిగింది. మోకాళ్ళు రెండూ కలుక్కుమన్నాయి.

“అక్కా, ఈ వయసులో పాకుళ్ళెందుకు? కానిస్టేబుల్‌ని పిలుస్తాను.”

“నీ కానిస్టేబుల్ ఆరడుగులున్నాడు. వంచితే విరుగుతాడు. నువ్వు నోరు మూసుకో.”

ఇంకా వంగి, అరచేతులు నేలమీద ఆనించి, పద్నాలుగు నెలల పిల్ల ఎత్తుకి తల తెచ్చి, అప్పుడు వెనక్కి తిరిగి చూసింది. లోకం మారిపోయింది. పాలగది తలుపు ఉయ్యాలల కాళ్ళ వెనక దాక్కుంది. అద్దంమీద ఏనుగులు పైకెక్కిపోయాయి. అద్దం అడుగుభాగం పూర్తిగా ఖాళీగా ఉంది. చేతికందినంత మేరా కాగితాల్ని పిల్లలే చింపేశారు. ఆ ఖాళీలోంచి, సరిగ్గా ఆమె కళ్ళకి ఎదురుగా, కిందికి దిగే మెట్లు కనిపించాయి.

“ఆ మెట్లు ఎక్కడికి?”

“కింద దారాల గదికండీ. పైనుంచి కుట్టేవాళ్ళు దారం కావాలంటే ఇటే దిగుతారు.”

“తమ్ముడూ, పోయి నాలుగు మెట్లు దిగి నిలబడు.”

ఇన్‌స్పెక్టర్ సణుక్కుంటూ వెళ్ళాడు. బూట్లు, మోకాళ్ళు, బెల్టు ఒకదాని తర్వాత ఒకటి అద్దం అవతల దిగాయి. నాలుగో మెట్టుమీద అతని మొహం ఆమె కళ్ళ ఎత్తుకి వచ్చింది. అద్దంలోంచి అతను కనుబొమలు ముడిచి చూశాడు. కళ్ళజోడమ్మ పక్కనే నేలమీద పాకుతున్న ఒక పిల్లాడు ఆ మొహాన్ని చూశాడు. చూసి రెండో ఆయా వంక తిరిగి, నోరు వెడల్పు చేసి ఏడుపు మొదలెట్టాడు.

“నవ్వు!” అంది కళ్ళజోడమ్మ గట్టిగా, అద్దంమీద తడుతూ. “తెలిస్తే కాస్త నవ్వు!”

ఇన్‌స్పెక్టర్ పళ్ళు బయటపెట్టాడు. పిల్లాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు. కాసేపటికి అతనికి తన ఇంట్లో పిల్ల గుర్తొచ్చిందో ఏమో, మొహం మెత్తబడి, కళ్ళు చిన్నవై, నిజంగా నవ్వాడు. పిల్లాడు ఏడుపు ఆపి ఎక్కిళ్ళు పెడుతూ అతన్నే చూశాడు.

పైకి వచ్చాక అతని గొంతులో వెటకారం లేదు. “అంటే గదిలోంచి కాదు. మెట్లమీంచి. ఇక్కడ పనిచేసే ఎవరో...”

అప్పుడే అతని ఫోన్ మోగింది. రోడ్డుకి అవతలి దుకాణంవాడు ఊరినుంచి వచ్చాడట, తన కెమెరా తెరిచి చూపిస్తానన్నాడట. “పది నిమిషాల్లో వస్తా. ఏదీ ముట్టుకోకండి,” అని పోలీసు గొంతుతో చెప్పి వెళ్ళిపోయాడు.

కళ్ళజోడమ్మ పై అంతస్తుకి ఎక్కింది. మెషిన్ల రొదలో సూపర్‌వైజర్‌ని ఒక పక్కకి పిలిచింది.

“దారానికి కిందికి దిగేది ఎవరు?”

“హెల్పర్లండీ. మెషిన్‌మీద కూర్చున్నవాళ్ళని లేవనివ్వం.”

“నిన్న విరామానికి కాస్త ముందు?”

“నిన్న...” ఆమె ఆగింది. “నిన్న మాత్రం పిచ్చుకవాళ్ళమ్మే వెళ్తానంది. నడుం పట్టేసింది, నాలుగడుగులు వేసొస్తానంది. సరే పొమ్మన్నాను. పిల్ల పోతోందని ఎవరికి తెలుసండీ? ఆ ఐదు నిమిషాలు పిల్లల గదిలోకి తొంగిచూసినా బాగుండేది పాపం.”

*

పిచ్చుకవాళ్ళమ్మ దారాల గదిలోనే ఉంది. పొద్దుటినుంచీ ఆ మెట్ల కింద కూర్చుని ఉంటే, ఇంటికి పొమ్మనడానికి ఎవరికీ నోరు రాలేదు. పట్టుమని ఇరవైనాలుగేళ్ళు ఉండవు. చుట్టూ అరల్లో రంగురంగుల దారపు ఉండలు. కళ్ళజోడమ్మని చూడగానే లేచింది.

“తెలిసిందా అమ్మా?”

“కొంత తెలిసింది. కూర్చో.” తనూ ఒక పెట్టెమీద కూర్చుంది. “నిన్న ఏడ్చినప్పుడు ఏప్రాన్‌తో మొహం కప్పుకున్నావు. పొద్దున నా మెట్లమీద ఏడ్చినప్పుడు ముక్కు కారుతున్నా తుడుచుకోలేదు. నిజంగా ఏడ్చేవాళ్ళకి మొహం ఒకటుందనే గుర్తుండదమ్మాయ్. ఈ రెండు ఏడుపుల మధ్య ఏం జరిగింది?”

ఆ అమ్మాయి ఏప్రాన్ అంచు వేలికి చుట్టుకుంది.

“రాత్రి ఎవరు ఫోన్ చేశారు?”

“మా అక్క,” అంది.

“ఏమంది?”

“ఎవరూ రాలేదంది. రాత్రి తొమ్మిదింటి బస్సుకి ఆవిడ పిల్లని తీసుకుని అక్క ఊళ్ళో దిగాలి. అక్క బస్సులన్నీ అయిపోయేదాకా స్టాండులోనే ఉందట. ఎవరూ దిగలేదు. ఫోన్ చేస్తే ఆవిడ ఫోన్ పలకట్లేదు. నేనేం చేశానమ్మా? నా చేతులతో నేనేం చేశాను?”

అడగకపోయినా ఇక మాటలు వాటంతట అవే వస్తాయని కళ్ళజోడమ్మకి తెలుసు.

“పిల్లని వాళ్ళ నాన్నకిచ్చేయమని కోర్టు చెప్పింది. వచ్చే సోమవారం. జడ్జిగారు ఆయన్ని చూశారు. ఇస్త్రీ చొక్కా, చల్లటి మొహం, అడిగిన ప్రతిదానికీ చిన్న నవ్వు. తర్వాత నన్ను చూశారు. నాకు మూడు రాత్రుళ్ళు నిద్రలేదు. అరిచాను, బల్ల గుద్దాను. పిల్లకి ప్రశాంతమైన చోటు కావాలన్నారు. ఆ ప్రశాంతమైన మనిషి నా చెయ్యి విరిచినప్పుడూ అదే మొహమమ్మా. అరవలేదు. నవ్వుతూనే విరిచాడు.”

“అందుకని పిల్లని దాచెయ్యాలనుకున్నావు.”

“నా చేతుల్లోంచి పోతే నామీదే పడతారు. అక్క వస్తే ఆయన పోల్చుకుంటాడు. ఆవిడైతే ఎవరికీ తెలీదు. ఇక్కడి ఏప్రాన్ ఇచ్చి లోపలికి రమ్మన్నాను. మాస్కు పెట్టుకుంటే పిచ్చుక గుర్తుపట్టక ఏడుస్తుందేమోనని నేను మెట్లమీద నిలబడ్డాను. అది అనుకున్నట్టే నా వంక చూసింది. నేను నవ్వాను. పోమ్మా, ఏం కాదు పో అన్నట్టు నవ్వాను. అదేమో నన్ను నమ్మి గెంతుకుంటూ వెళ్ళింది.”

“ఎవరావిడ?”

“బస్టాపులో పరిచయం. రోజూ అదే వేళకి వచ్చేది. పిల్లని ఎత్తుకునేది. నా గోడంతా విని ఒక్క సలహా ఇవ్వలేదు, ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకోసం ఇంకొకరు ఏడవడం నేను చూసి ఎన్నాళ్ళయిందోనమ్మా. పిల్లని నేను తీసుకెళ్ళి మీ అక్కకి అప్పజెప్తాలే అని ఆవిడే అంది.”

“ఇదంతా ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాలి నువ్వు.”

“చెప్తే కేసు పెడతారు. పిల్ల ఇక ఎన్నటికీ ఆయనకే పోతుంది.”

“చెప్పకపోతే ఎవరికి పోతుంది?”

ఆ అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి.

“ఒక రాత్రీ ఒక పగలూ అయిపోయాయమ్మాయ్. నువ్వు నోరు విప్పనంతసేపూ స్టేషన్లో వాళ్ళు ఆయమ్మ నవ్వుని కొలుస్తూ కూర్చుంటారు. పిల్లని పట్టుకుపోయినావిణ్ణి ఎవరూ వెతకరు.”

ఆమె ఏప్రాన్ ముడి విప్పి, మడిచి, పక్కన పెట్టింది. అందులో దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదన్నట్టు. “పదండి,” అంది.

*

ఇన్‌స్పెక్టర్ సూపర్‌వైజర్ గదిలో అంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారీ అడ్డురాలేదు. కోప్పడతాడని కళ్ళజోడమ్మ కాచుకుని కూర్చుంది. అతను కుర్చీలో వెనక్కి వాలి, అరచేత్తో మొహం తుడుచుకుని, స్టేషన్‌కి ఫోన్ చేశాడు.

“ఆయమ్మకి టీ ఇచ్చి ఇంటికి పంపండి. జీపులో దింపండి. ఆఁ, మేజిస్ట్రేట్‌కి నేను చెప్పుకుంటాలే.” ఫోన్ పెట్టేసి తల్లి వైపు తిరిగాడు. “నీ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆవిడ మొహం చెప్పు. బొమ్మ గీయిస్తాను. గేటు దగ్గర మాస్కు తియ్యలేదు. మాస్కు లేకుండా చూసింది నువ్వొక్కదానివే.”

“మంచి మొహం సార్.”

“మంచి అంటే? కోలగా ఉంటుందా, గుండ్రంగానా?”

“గుండ్రం... కాదేమో. మామూలుగా.”

“ముక్కు?”

ఆమె కళ్ళు మూసుకుంది. “గుర్తులేదు.”

“పుట్టుమచ్చ? గాటు? పళ్ళెలా ఉంటాయి? కళ్ళు పెద్దవా, చిన్నవా?”

“జాలిగా ఉంటాయి సార్.”

“జాలిని గీసేదెట్లా తల్లీ!” ఇన్‌స్పెక్టర్ అరిచి, వెంటనే గొంతు తగ్గించాడు. “నెలన్నర రోజూ పక్కన కూర్చున్నావే. అన్నాళ్ళూ ఏం చూశావు?”

“ఆవిడ నన్ను చూడటం చూశాను,” అంది ఆ తల్లి.

పైన మెషిన్లు ఆగి మళ్ళీ మొదలయ్యాయి. కళ్ళజోడమ్మ కిటికీ వైపు మొహం తిప్పుకుంది. మనిషిని వెతకడానికి కావలసిన ముక్కూ చెవీ గడ్డమూ అక్కడ లేవు. ఉన్నదల్లా ఒక ఓదార్పు. ఓదార్పుకి పోలికలుండవు.

“దుకాణంవాడి కెమెరాలో ఏమైనా దొరికిందా?” అనడిగింది చివరికి.

“దొరికింది. ఆవిడ మొహం మాత్రం కాదు.” ఫోన్ బల్లమీద నిలబెట్టాడు.

రోడ్డు. ఫ్యాక్టరీ గేటు పక్కగా కనిపిస్తోంది. ఆవిడ పిల్లని ఎత్తుకుని బయటికొచ్చి, ఆగి ఉన్న ఒక తెల్లబండి దగ్గరికి నడిచింది. కెమెరాకి వీపే. బండి పక్కన నిలబడి ఒక చేత్తో మాస్కు గడ్డం కిందికి లాగింది. పిచ్చుక ఆ మొహంలోకి చూసింది. బస్టాపులో రోజూ ఎత్తుకునే మొహం. గుర్తుపట్టి చెయ్యి చాపి ఆ బుగ్గ తాకబోయింది. తాకలేదు. చెయ్యి గాలిలో ఆగింది. దాని నవ్వు మెల్లమెల్లగా, దీపంలో నూనె అయిపోయినట్టు, తగ్గిపోయింది. అంతకుముందెప్పుడూ చూడనిదాన్ని చూస్తున్నట్టు ఆ మొహాన్ని తేరిపార చూసింది.

“ఏం చూసింది అక్కా?” ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. “ఈ పిల్లకి అక్కడ ఏం కనిపించింది?”

కళ్ళజోడమ్మ తెర దగ్గరికి వంగింది. బండి తలుపు లోపలినుంచి ఎవరో తెరిచారు. వెనక సీటుమీద మూడేళ్ళ పిల్లాడొకడు పడుకుని ఉన్నాడు. తల సీటు అంచునుంచి జారి వేలాడుతోంది. తలుపు శబ్దానికి గానీ, మొహంమీద పడ్డ ఎండకి గానీ వాడి కనురెప్ప కదల్లేదు. పిల్లలు అలా నిద్రపోరు. ఇన్‌స్పెక్టర్ ఆమె వంక చూశాడు. ఆమె అతని వంక చూసింది.

తల్లి వాణ్ణి గమనించనే లేదు. ఆమె చూపంతా తన పిల్లమీదే ఉంది. తెరమీద పిచ్చుక ఆ భుజంమీంచి మెడ తిప్పి వెనక్కి, గేటు వైపు చూసింది. గేటు చూసింది. గోడ చూసింది. పైన కిటికీలు ఒక్కొక్కటిగా చూసింది. మళ్ళీ గేటు చూసింది.

“నన్నే వెతుకుతోంది,” అంది తల్లి.

కళ్ళజోడమ్మ తలూపింది.

“నేనప్పటికే పైకెళ్ళిపోయానండీ. మెషిన్‌మీద కూర్చున్నాను. ఎవరికీ అనుమానం రాకూడదని వెళ్ళి కూర్చున్నాను.”

తెరమీద పిచ్చుక నోరు మెల్లిగా వంకర తిరిగింది. ఏడుపు బయటికి రాకముందే తలుపు మూసుకుంది. బండి బస్టాండు వైపు కాకుండా రెండో వైపుకి తిరిగి వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే లేచి, ఇంకో ఫోన్ చెవిన పెట్టుకుని నడవాలోకి పరుగెత్తాడు. “తెల్లబండి, నంబరులో చివరి రెండంకెలే కనిపిస్తున్నాయి... ఒక్కరు కాదు, ఇద్దరు పిల్లలు. విన్నావా? ఇద్దరు. ఇంకెంతమందో తెలీదు. పొలిమేరల్లో అన్ని దారులూ ఇప్పుడే మూయించు...”

“ఇంకోసారి వెయ్యండమ్మా,” అంది తల్లి.

“వద్దమ్మాయ్.”

“ఒక్కసారి.”

కళ్ళజోడమ్మ వేసింది. పిచ్చుక మళ్ళీ వెనక్కి తిరిగింది. మళ్ళీ గేటు, గోడ, కిటికీలు చూసింది. తల్లి బల్లమీదికి వంగి, తెరకి అంగుళం దూరంలోకి మొహం తెచ్చి, కళ్ళనీళ్ళు తెరమీద పడుతుండగా దానికి నవ్వి చూపించింది.